ఆయిల్ కూలర్‌ను చంపేది బోరు నీళ్లే

పుట్టపర్తి నుంచి బెంగళూరు విమానాశ్రయానికి ట్యాక్సీలు రాత్రనకా పగలనకా తిరుగుతూనే ఉంటాయి. సత్యసాయి ఆశ్రమం ప్రశాంతి నిలయానికి దూరదేశాల నుంచి వచ్చే భక్తుల్లో చాలామంది దిగేది ఆ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలోనే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా సాగే ఆ దారి చూడ్డానికి నున్నగా ఉన్నా, బండికి మాత్రం ఎక్కుడే. పుట్టపర్తి సముద్ర మట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. లోపల ఏడుగురు మనుషులు, టాపు మీద సామాన్లు, ఆగకుండా తిరిగే ఏసీ, బయట 40 డిగ్రీలు దాటిన మే నెల ఎండ. అంత బరువూ లాగే క్రమంలో పుట్టే వేడినంతా ఇంజన్ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి.

అలా తిరిగిన బండిని పొద్దున్నే తీసేముందు డ్రైవర్ కూలెంట్ డబ్బా మూత తిప్పి చూస్తాడు. లోపల ఉండాల్సిన రంగు నీళ్లకు బదులు లేత గోధుమ రంగులో చిక్కటి జిడ్డు తేలుతుంటుంది. నేరుగా షెడ్డుకు తీసుకెళ్లి అడిగే మొదటి మాట, "అన్నా, హెడ్డు దించాల్సిందేనా?"

ప్రతిసారీ అక్కర్లేదు. ఆ జిడ్డుకు హెడ్ గ్యాస్కెట్ ఎంత కారణం కావచ్చో, అరచేతిలో పట్టేంత ఆయిల్ కూలర్ కూడా అంతే కారణం కావచ్చు. హెడ్డు దించడమంటే రోజుల పని, పెద్ద ఖర్చు. కూలర్ మార్చడం అంతకంటే చాలా చిన్న పని. కాకపోతే అనంతపురం పీఠభూమిలో ఈ చిన్న పనిని చాలాసార్లు సగంలోనే వదిలేస్తారు. పాడైన కూలర్‌ని తీసి కొత్తది బిగిస్తారు గానీ, దాన్ని పాడుచేసిన నీటిని మళ్లీ పోస్తారు. ఆ మిగతా సగం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు ఆయిల్ సంగతి తెలియాలి.

ఆయిల్ మోసే వేడి

ఇంజన్ ఆయిల్ అనగానే రాపిడి తగ్గించేదనే అనుకుంటాం. వేడిని మోసుకెళ్లడం కూడా దాని పనే. రేడియేటర్ నీళ్లు సిలిండర్ గోడల చుట్టూ, హెడ్డులో తిరుగుతాయి. పిస్టన్ దగ్గరకు, క్రాంక్ షాఫ్ట్ బేరింగుల దగ్గరకు అవి చేరలేవు. అక్కడికి పోగలిగింది ఆయిల్ ఒక్కటే. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ అడుగు భాగానికి సన్నటి జెట్లతో ఆయిల్ చిమ్ముతూ దాన్ని చల్లబరుస్తారు. టర్బో ఉన్న బండిలో, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే షాఫ్టును ఆయిల్ పొరే మోస్తుంది. ఆ షాఫ్టుకు ఒక పక్క నిప్పులాంటి పొగ తగులుతూ ఉంటుంది. అక్కడి వేడిలో కొంత కూడా ఆయిల్‌కే ఎక్కుతుంది.

ఆయిల్‌కు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండడం సుఖం. అంతకంటే వేడెక్కితే పలచబడుతుంది. మన డీజిల్ బండ్లలో ఎక్కువగా వాడే 15డబ్ల్యూ-40 రకం ఆయిల్ 100 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు పోయేసరికి దాని చిక్కదనంలో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. బేరింగులో షాఫ్టును లోహానికి తగలకుండా ఎత్తి పట్టుకునే పొర ఆ మేరకు పలచనవుతుంది. రెండో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 20 డిగ్రీలు ఎక్కువ వేడిలో నడిచే ఆయిల్ నాలుగు రెట్లు తొందరగా ముసలిదవుతుంది.

అందుకే ఆయిల్ కూలర్. అది ఎంత పని చేస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. నిమిషానికి 20 లీటర్ల ఆయిల్ కూలర్ గుండా పారుతూ 10 డిగ్రీలు చల్లబడిందనుకుందాం. ఆయిల్ సాంద్రతను, అది వేడిని పట్టుకునే శక్తిని కలిపి గుణిస్తే దాదాపు 6 కిలోవాట్లు వస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ అంత వేడిని ఆ చిన్న పెట్టె ఆయిల్ నుంచి తీసి కూలెంట్‌కు అప్పగిస్తుంది. దాన్ని రేడియేటర్ గాలికి వదులుతుంది.

గోడకు అటు ఆయిల్, ఇటు నీళ్లు

ఆయిల్ కూలర్లు రెండు రకాలు. ఒకటి గాలితో చల్లబడేది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 గానీ, ఇంటర్‌సెప్టర్ 650 గానీ రోడ్డు మీద కనిపిస్తే ముందు వైపు చూడండి. సన్నటి రెక్కలతో చిన్న రేడియేటర్ లాంటిది బిగించి ఉంటుంది. అందులో పారేది నీళ్లు కాదు, ఆయిలే. పోర్షే 911 కారు 1998 దాకా నీటి రేడియేటర్ లేకుండా గాలితోనూ, ఆయిల్‌తోనూ చల్లబడే ఇంజన్‌తోనే వచ్చింది.

రెండో రకం నీటితో చల్లబడేది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. పలచటి అల్యూమినియం పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు కరిగించి అతికిస్తారు. ఒక అరలో ఆయిల్, దాని పక్క అరలో కూలెంట్, మళ్లీ ఆయిల్, మళ్లీ కూలెంట్. రెండూ ఎప్పుడూ కలవవు. మధ్యలో ఉండేది మిల్లీమీటరు మందం కూడా లేని గోడ. ఆయిల్ అరలో సన్నటి ముడతల రేకు పెడతారు. ఆయిల్ సాఫీగా జారిపోకుండా సుడులు తిరిగితే ప్రతి చుక్కా గోడకు తగులుతుంది, వేడి తొందరగా దిగుతుంది.

ఈ పెట్టెను పేరును బట్టి చల్లబరిచేదనే అనుకుంటాం. పొద్దున్నే బండి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం అది తిరగేసి పనిచేస్తుంది. ఆయిల్ కంటే కూలెంట్ ముందు వేడెక్కుతుంది కాబట్టి, ఆ కొన్ని నిమిషాలు కూలరే ఆయిల్‌ను వెచ్చబెడుతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది కనుక ఇది కూడా ఇంజన్‌కు మేలే.

జబ్బు గుర్తుపట్టడం

ఆ పలచటి గోడకు చిల్లి పడితే ఏది దేనిలోకి పోతుంది? బండి నడుస్తోందా, ఆగి ఉందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ పంపు 2 నుంచి 5 బార్ల ఒత్తిడి పుట్టిస్తుంది. రేడియేటర్ మూత సుమారు ఒక బార్ ఒత్తిడినే ఆపుతుంది. ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పారడం ద్రవాల గుణం. కాబట్టి ప్రయాణంలో ఆయిలే కూలెంట్‌లోకి తోసుకొస్తుంది. డబ్బాలో జిడ్డు కనిపించేది అందుకే. బండి ఆపగానే లెక్క తిరగబడుతుంది. ఆయిల్ ఒత్తిడి ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. కూలెంట్ మాత్రం ఇంకా కాగుతూ ఒత్తిడి మీదే ఉంటుంది. ఇప్పుడు నీళ్లు అదే చిల్లిలోంచి ఆయిల్‌లోకి దిగుతాయి. రాత్రి సరిగ్గా ఉన్న ఆయిల్ గేజీ పొద్దున చూస్తే పైకి పోయి ఉందంటే సంతోషించకూడదు. ఆయిల్ తనంతట తాను పెరగదు.

మరి హెడ్ గ్యాస్కెట్ పోయిందా, కూలర్ పోయిందా అని తేల్చుకోవడం ఎలా? హెడ్ గ్యాస్కెట్ పోయినప్పుడు చాలాసార్లు సిలిండర్‌లో మండిన పొగ కూలెంట్‌లోకి వస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే పై హోస్ పైపు గట్టిపడుతుంది, డబ్బాలో ఆగకుండా బుడగలు లేస్తాయి, సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తుంది, ఏదో ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గుతుంది. కూలర్ మాత్రమే చెడితే ఇవేవీ ఉండవు. ఆయిల్, నీళ్లు కలవడం ఒక్కటే కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే ఒక నీలం రంగు ద్రవంతో పరీక్ష ఉంది. కూలెంట్ మీది ఆవిరిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది, అంటే తప్పు హెడ్డు వైపు ఉంది. రంగు మారకపోతే హెడ్డు మీద చెయ్యి వేసేముందు కూలర్‌ని చూడడం తెలివైన పని.

విప్పి తీసిన కూలర్‌ని కూడా పరీక్షించొచ్చు. ఆయిల్ దారికి ఒక వైపు మూసి, రెండో వైపు నుంచి గాలి ఎక్కించి, వేడినీళ్ల బక్కెట్లో ముంచితే చిల్లి ఉన్న చోట బుడగలు లేస్తాయి. వేడినీళ్లే ఎందుకంటే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే సన్నటి చీలిక వేడికి తెరుచుకుంటుంది.

గిన్నె అడుగున తెల్ల పొర

ఇంతకీ ఆ గోడకు చిల్లి ఎందుకు పడింది?

ఉమ్మడి అనంతపురం జిల్లాకు దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని పేరు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయినా ఆకాశం విడిపోలేదు. చిత్రావతి నది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. బతుకంతా బోర్ల మీదే. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచినవై ఉంటాయి, వాటిలో లవణాలు ఎక్కువ కరిగి ఉంటాయి. ఇక్కడి భూగర్భ జలంలో ఫ్లోరైడ్, ఉప్పదనం ఎంత బాధ పెట్టాయంటే, 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు వందలాది పల్లెలకు తాగునీటి పథకం నిర్మించాల్సి వచ్చింది.

మనుషులకు మంచినీళ్లు వచ్చాయి గానీ రేడియేటర్లకు ఇంకా బోరు నీళ్లే. హీట్ ఎక్కిందంటే దారిలో ఏ హోటల్ ముందో ఆపి, బాటిల్ నింపి పోసేస్తాం.

ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం అందరూ చూసిందే. కూలర్ లోపల జరిగేది అచ్చంగా అదే. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, కాల్షియం కార్బనేట్ గట్టిపడి మిగులుతుంది. ఉప్పూ పంచదారా వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి. ఈ సున్నం అలా కాదు, నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. కాబట్టి వేడి ఎక్కడ ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది. కాగిన ఆయిల్ తగిలే కూలర్ గోడ సరిగ్గా అలాంటి చోటు.

ఎంత పేరుకోగలదో చూద్దాం. వేరే దిక్కు లేనప్పుడు తాగడానికి భారతీయ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములు. అలాంటి నీళ్లే వారానికి ఒక లీటరు చొప్పున పోస్తూ పోతే, ఏడాదికి 30 గ్రాములకు పైగా ఖనిజం ఇంజన్‌లోకి చేరుతుంది. ఆవిరై పోయేది నీళ్లే, ఖనిజం లోపలే ఉంటుంది. అదంతా పొరగా మారకపోయినా, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు దారుల్ని ఇరుకు చేయడానికి అందులో కొంత భాగం చాలు.

కాల్షియం కార్బనేట్ గుండా వేడి అల్యూమినియంలో కంటే సుమారు 80 రెట్లు నెమ్మదిగా పోతుంది. ఒక్క మిల్లీమీటరు పొర కడితే, మధ్యలో ఏడెనిమిది సెంటీమీటర్ల అల్యూమినియం దిమ్మ పెట్టినంత అడ్డు. ఆ పొర కింద లోహం కొన్ని చోట్ల ఎక్కువ వేడెక్కుతుంది, అతుకులు సాగి ముడుచుకుని అలసిపోతాయి. ఇంకోవైపు బోరు నీళ్లలోని క్లోరైడ్ అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణ పొరను ఒక్కో చుక్క దగ్గర తొలుస్తుంది. అలా పడ్డ గుంట లోలోపలికి దిగి ఏదో ఒకనాడు అవతలి వైపు తేలుతుంది. డ్రైవర్ డబ్బాలో జిడ్డు చూసేది ఆ రోజునే.

విప్పడం

కూలర్ ఎక్కడుందో బండిని బట్టి మారుతుంది. కొన్ని ఇంజన్లలో ఆయిల్ ఫిల్టర్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉంటుంది, కొన్నింటిలో ఫిల్టర్ హౌసింగ్‌తో కలిసి ఒకే భాగంగా ఉంటుంది, కొన్నింటిలో బ్లాక్ పక్కన ఒక మూత వెనక కూలెంట్‌లోనే మునిగి ఉంటుంది. పద్ధతి మాత్రం ఒకటే.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, 100 డిగ్రీలు దాటినా అప్పటిదాకా మరగకుండా ఆగిన నీళ్లు ఆవిరై మొహం మీదకు చిమ్ముతాయి. తర్వాత బ్యాటరీ కనెక్షన్ తీసి, కూలెంట్, ఆయిల్ రెండూ వేరువేరు డబ్బాల్లోకి దించాలి. అడ్డొచ్చే గాలి గొట్టాలు, వేడి ఆపే రేకులు తీసి, కూలర్ బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ రావాలి. ఒక పక్క పూర్తిగా విప్పి ఇంకో పక్కకు పోతే అల్యూమినియం హౌసింగ్ వంకర పోతుంది.

కూలర్ ఊడిన వెంటనే బ్లాక్‌లో తెరుచుకున్న దారుల్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు చాలామంది పనిముట్టు దగ్గర పొరపాటు చేస్తారు. గ్రైండర్‌కు గరుకు బిళ్ల తగిలించి క్షణంలో నున్నగా చేసేస్తారు. ఆ బిళ్ల నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి బేరింగ్ లోహం కంటే ఎంతో గట్టిది. ఆయిల్ దారిలో అది చిటికెడు పడినా బేరింగుల్ని అరగదీస్తుంది. ఆలస్యమైనా ప్లాస్టిక్ గీకుడు పలకతోనే ఆ పని చేయాలి.

పాత కూలర్‌ని కడిగి మళ్లీ వాడొచ్చా అని అడుగుతారు. ఇంతకుముందు బేరింగ్ పోయి ఇంజన్ సీజ్ అయిన బండైతే అస్సలు వాడకూడదు. అరిగిన లోహపు రజను ఆ ముడతల రేకుల్లో ఇరుక్కుపోతుంది, ఎంత కడిగినా మొత్తం రాదు. లక్ష పెట్టి ఇంజన్ చేయించి పాత కూలర్‌నే బిగిస్తే, ఆ రజను మొదటి వందల కిలోమీటర్లలోనే కొత్త బేరింగుల్లోకి చేరుతుంది.

బిగించడం, కడగడం

కొత్త కూలర్‌తో పాటు కొత్త ఓ-రింగులు, కొత్త ప్యాకింగ్, కొత్త ఆయిల్ ఫిల్టర్ తప్పనిసరి. రింగులకు కొత్త ఆయిల్ రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే టార్క్ రెంచి పట్టాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. బలంగా బిగిస్తే మంచిదనుకుని పానాకు పైపు తగిలిస్తే అల్యూమినియం మర ఊడి చేతికొస్తుంది.

ఆయిల్ నింపాక వెంటనే స్టార్ట్ చేయకూడదు. కొత్త కూలర్, ఫిల్టర్ రెండూ ఖాళీగా ఉంటాయి. డీజిల్ అందకుండా ఆపి, సెల్ఫ్ మాత్రమే కొద్దికొద్దిగా తిప్పి, ఆయిల్ లైటు ఆరిపోయాక అప్పుడు స్టార్ట్ చేయాలి. కూలెంట్ పోసేటప్పుడు లోపల గాలి చిక్కుకోకుండా హీటర్‌ను వేడి వైపు తిప్పి ఉంచి, బుడగలు ఆగేదాకా నింపాలి.

ఇక కడగడం. ఆయిల్ కలిసిన కూలెంట్ దారులన్నీ జిడ్డు పట్టి ఉంటాయి. థర్మోస్టాట్ తీసేసి, జిడ్డు వదిలించే ద్రావణంతో, వెచ్చటి నీళ్లతో, దిగే నీళ్లలో నూనె తెట్టు కనిపించకుండా పోయేదాకా కడగాలి. హోస్ పైపుల్ని చేత్తో నొక్కి చూడాలి. వాటిని చేసే ఈపీడీఎం రబ్బరు నీళ్లనూ వేడినీ బాగా తట్టుకుంటుంది గానీ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడ్డ పైపును అలాగే వదిలేస్తే అది పగిలేది ఏ పెనుకొండ ఎండలోనో. ఆయిల్‌లోకి నీళ్లు దిగి ఉంటే, పోసిన కొత్త ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ కొద్ది దూరం తిప్పాక మరోసారి మార్చాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ బేరింగులకు శత్రువు.

దించిన కూలెంట్‌ని షెడ్డు ముందు మట్టిలో పారబోయకూడదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ నాకుతాయి, వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి. నీటి చుక్కకు మొహం వాచిన నేలలో, బోర్లకు దిగే నీళ్లలోకి మనమే విషం వదలడం కంటే అన్యాయం లేదు.

మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు

"మనకు మంచు పడదు కదా, యాంటీఫ్రీజ్ ఎందుకు?" అనేది షెడ్లలో తరచూ వినిపించే మాట. గడ్డకట్టకుండా చూడడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. సగం గ్లైకాల్, సగం శుద్ధమైన నీళ్లు కలిపిన కూలెంట్ ఒక బార్ మూత కింద 128 డిగ్రీల దాకా మరగదు. ఒట్టి నీళ్లు అదే మూత కింద 120 దగ్గరే మరిగిపోతాయి. ఎండలో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఆ తేడా చాలా విలువైంది. అంతకంటే ముఖ్యం, కూలెంట్‌లో తుప్పు ఆపే రసాయనాలు ఉంటాయి. బోరు నీళ్లు తొలిచే అల్యూమినియాన్ని అవే కాపాడతాయి.

కొనేటప్పుడు డబ్బా మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 5759 ముద్ర ఉందో లేదో, బండి కంపెనీ చెప్పిన రకమో కాదో చూడాలి. రంగు చూసి కొనకూడదు, రంగుకు ప్రమాణం లేదు. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు గడ్డలు కడతాయి. గాఢమైన కూలెంట్ కొంటే అందులో కలపాల్సింది బ్యాటరీలో పోసే డీమినరలైజ్డ్ వాటర్. అది ప్రతి బ్యాటరీ షాపులో దొరుకుతుంది. డిక్కీలో రెండు లీటర్ల కలిపిన కూలెంట్ ఎప్పుడూ ఉంచుకుంటే, దారిలో హీట్ ఎక్కినప్పుడు హోటల్ కుళాయి దగ్గరకు పోవాల్సిన పని ఉండదు. గత్యంతరం లేక బోరు నీళ్లు పోయాల్సి వస్తే, ఊరు చేరగానే వాటిని దించేసి సరైనది నింపుకోవాలి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడి నుంచైనా, మరే ఫ్యాక్టరీ నుంచైనా, కారు బయటికి వచ్చేటప్పుడు దాని కూలర్‌లో ఉండేది కొలిచి కలిపిన కూలెంట్. దాన్ని అలాగే నిలబెట్టుకోవడం యజమాని చేతిలో, మెకానిక్ చేతిలో ఉంది. అందుకే షెడ్డులో బిల్లు చేతికి రాగానే మొత్తం ఎంతయిందో చూసేముందు వరసలు చదవండి. కూలర్, రింగులు, ఫిల్టర్, ఆయిల్ పక్కన కడిగిన పని, కొత్త కూలెంట్ కూడా రాసి ఉండాలి. అవి లేకపోతే బండి తీసుకోకండి, ఆ రిపేరు ఇంకా సగమే అయింది.